హాజరు పట్టీ

ఈ మాసమున నూరగాయలను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నందులకు క్షమింపవలయును. మా యింట జరిగిన యొక తప్పిదము మనస్సున మెదలుచుండగా ఆవపిండి పాళ్లను గూర్చి వ్రాయుటకు చేయి యాడకున్నది.

మావారి యప్పగారి కుమార్తె యింజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాఖ యందు చదువుచున్నది. బుద్ధిమంతురాలు. ఒక్క పరీక్షయందైనను తప్పి యెఱుగదు. అట్టి పిల్లను గత సంవత్సరము, రెండవయేటి రెండవ సెమిస్టరు చివర, పరీక్షకు కూర్చుండనీయక నిలిపివేసిరి. వార్త విన్న నాడు మేమును వదినగారును కళాశాలవారిని నోరార నిందించితిమి. మఱునాడు ఇద్దఱమును బయలుదేఱి పోయి హాజరు పట్టీ కన్నులార చూచినతోడనే మా నోళ్లు మూతపడినవి.

ఆ లెక్క మీకును చెప్పెదము. ఒక సెమిస్టరునకు తొంబది పనిదినములు. అందు నూటికి 75 వంతుల హాజరుండవలయును. అనగా ఇరువదిరెండు దినములకు మించి మానరాదు. 75కు తగ్గి 65కు తగ్గనిచో, వ్యాధి మొదలగు తగిన కారణము చూపి, వైద్యుని పత్రము నిచ్చి, రుసుము చెల్లించినయెడల మన్నింపు గలదు. 65కు తగ్గినచో నేకారణమునకును మన్నింపు లేదు. హైదరాబాదునందలి జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు 2018 నిబంధనావళిలో నిట్లే యున్నది. మా మేనకోడలి కళాశాల నియమమును నట్టిదే. కళాశాలలవారు దినములను గాక పాఠపు గంటలను లెక్కింతురు. కాని మన యింటిలెక్కకు దినములు చాలును.

పిల్లకు ఆటలమ్మ పోసి పదునాఱు దినములు పోయినవి. అది దైవికము. అక్క పెండ్లికి పదునొకండు దినములు. సంక్రాంతి సెలవులపైని, పిన్నమ్మలు వచ్చినారని, వదినగారు నిలిపివేసిన దినములు నాలుగు. మొత్తము ముప్పదియొకటి. ఇంతవఱకు జరిగినను హాజరు 65కు మించియే యున్నది. వైద్యుని పత్రముతో గట్టెక్కియుండును. పిదప మా చిన్నవాని యుపనయనము వచ్చినది. పిల్ల ఫోనులో "అత్తయ్యా, తరగతులున్నవి, రాలేను" అన్నది. "మేనకోడలు లేని శుభకార్యము మా యింట నెన్నడైన జరిగినదా? రెండు దినములకేమి మునిగిపోవును?" అని మేమే గద్దించితిమి. పిల్ల వచ్చినది. పెద్దలు గద్దించిన రాక యేమి చేయును? ముప్పదిమూడు దినములు. తొంబదిలో నేబదియేడు. నూటికి 63.

ఆ రెండు దినములు మావి.

పట్టీ చూపిన యుపాధ్యాయిని నడివయస్సుది, నెమ్మదియైన మనిషి. ఆమె యా పిల్లకు సలహాదారు, కళాశాలవారి మాటలో మెంటరు. అఖిల భారత సాంకేతిక విద్యామండలివారు, ప్రథమ సంవత్సరమున చేరిన పిల్లలకు పాఠములకు ముందు మూడు వారములు పరిచయ కార్యక్రమము నడుపవలెననియు, ఇరువదిమంది పిల్లల కొక్క యుపాధ్యాయుడు మార్గదర్శిగా నుండవలెననియు నేర్పాటు చేసియున్నారు. మా పిల్ల యా మూడు వారముల తరువాత నామె గది గడప త్రొక్కలేదట. "అమ్మా, ముప్పది దినములు మానిన నాడే తండ్రిగారి ఫోనునకు సందేశము పంపితిని. ఎవరును రాలేదు" అని యామె యనినది. మా యన్నగారు దానిని కళాశాలవారి రుసుము ప్రకటన యనుకొని చదువక యుంచిరి. ఇంగ్లీషున వచ్చినదెల్ల రుసుము కొఱకే యని మన యిండ్లలో నొక నమ్మకము గలదు గదా.

వదినగారు "మార్కులన్నియు మంచివే గదా తల్లీ, పరీక్ష వ్రాయనిండు" అని కన్నీరు పెట్టుకొనిరి. ఆ యుపాధ్యాయిని చెప్పిన మాట మేము మఱువలేము. పరీక్ష తప్పినవారు ఆ యొక్క పాఠ్యాంశమును సప్లిమెంటరీలో మరల వ్రాయవచ్చును. హాజరు తప్పినవారు సెమిస్టరంతయు మరల చదువవలసినదే యనినది. ఆ సెమిస్టరు మఱుసటి యేటగాని రాదు. మన మిన్నినాళ్లు తలక్రిందుగా భయపడుచుంటిమి. పరీక్ష తప్పునేమో యని మ్రొక్కులు మ్రొక్కెదము, హాజరును మాత్రము నోములకును పేరంటములకును పంచిపెట్టెదము.

ఇట్టి మెలకువలు తెలిసినవారు ఇంటనున్న భాగ్యశాలినులు లేకపోలేదు. మన తెలుగింటి యాడుబిడ్డ అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదవయేట, నెలల పసిబిడ్డ చేతనుండగా, భర్తను గోల్పోయి, 1940లో మదరాసు గిండీ యింజనీరింగు కళాశాలలో చేరిరి. ఆమెయే మన దేశమున మొదటి స్త్రీ యింజనీరని ప్రఖ్యాతి. పట్టా కాగితము మగవారికని యచ్చువేసి యుండుటచే ఆ "అతడు" కొట్టివేసి "ఆమె" యని వ్రాసి యిచ్చిరట. ఆమె ధైర్యము నెవరు కాదందురు? అయినను ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ కళాశాలలోనే విద్యుచ్ఛాఖ ఆచార్యులు. నియమ మేదో, దాని మినహాయింపేదో, ఎవరి నడుగవలెనో యెఱిగినవారు ఇంటనే యుండిరి. మన పిల్లలకు ఆ భాగ్యము లేదు. అందుచేతనే యిరువదిమంది కొకరిగా నియమించిన యా సలహాదారును విడువరాదు.

నాటి సాయంకాలము మేము నిబంధనావళి ప్రతి నొకదానిని తెచ్చుకొని మావారి సాయమున చదివితిమి. అమరకోశము వల్లించిన మాకు ఆ యింగ్లీషు కొఱుకుడు పడలేదు గాని సంగతి తెలిసినది. క్రెడిటనగా కొలత. వారమున కొక గంట పాఠము సెమిస్టరంతయు విన్న నొక క్రెడిటు. ప్రయోగశాలలో రెండు గంటల కొక క్రెడిటు. ఇట్టివి 160 కూడినగాని పట్టా లేదు. ఏటేట ఇన్ని కూడినగాని పై తరగతి లేదనియు గలదు. నాలుగేండ్ల చదువునకు ఎనిమిదేండ్లు తుది గడువు. ఆనర్సు కావలెనన్న మఱి యిరువది యదనముగా సంపాదింపవలెను. పొరుగింటి పిల్లవాడు తీసికొన్నాడని మన పిల్లపై నా బరువు మోపుట మాకు నచ్చదు. వింతయేమనగా పర్యావరణము, భారత రాజ్యాంగము వంటి పాఠములకు సున్న క్రెడిట్లు. అయినను అవి నెగ్గక పట్టా రాదు. మన యింటిపని వంటివన్నమాట.

మఱియొక మెలకువ మావారు చూపిరి. ఏయేట చేరిన పిల్లకు ఆయేటి నిబంధనావళియే. కావున అన్న చెప్పిన నియమము చెల్లెలికి వర్తింపకపోవచ్చును. ఏ సంవత్సరపు ప్రతియో చూచి మఱి చదువవలయును. నిలిచిపోయిన పిల్ల వెనుకవారితో చేరునప్పుడు నియమములు మాఱియున్నచో, వదలిపోయిన పాఠమునకు బదులు వేఱొకటి చదువవలసివచ్చును. మా పిల్లకు రెండు పాఠములట్లు వచ్చినవి. వానిని ముందుగా వ్రాయించి, సంతకము చేయించి యుంచుకొమ్మని సలహాదారే చెప్పినది.

ఆ నడుమ నెలలు పిల్ల మా యింటనే యుండెను. మావారి బడిపిల్లలకు లెక్కలు చెప్పుచు, మేము పద్యము చదివినపుడు ప్రక్కన కూర్చుండి వినెడిది. ఒక్కనాడైనను ఆ రెండు దినముల మాట యెత్తలేదు. ఎత్తినచో మాకు కొంత తేలికగా నుండెడిదేమో. ఒక రాత్రి మేమే యెత్తి, "తప్పు మాదే తల్లీ" అంటిమి. "నేనును లెక్క చూచుకొనలేదు గదా, అత్తయ్యా" అని దీపమార్పినది.

ఇప్పుడు తన కంటె చిన్నవారితో కూర్చుండి చదువుచున్నది. వారమున కొకమాఱు సలహాదారు గదికి పోవునట. మా వంటయింటి గోడ క్యాలెండరులో ఆమె హాజరును మేమును గుర్తించుచున్నాము: నలుబదియొక్క దినములకు నలుబది. ఆ యొక్కటి జ్వరము. వచ్చు పక్షమున మా మఱది గృహప్రవేశము. పిల్లను పిలువలేదు. అరిసెలు డబ్బాలో పెట్టి వసతిగృహమునకు పంపుదుము.