దేవుణ్ణి నమ్మను, పెద్దపండగ మానను



ఊళ్లో నన్ను చాలామంది అడిగే మాట ఇది. "దేవుడు లేడంటావు, మరి కనుమకి పశువులకి పసుపు రాసి, కొమ్ములకి రంగులెందుకు వేస్తావు? నోటికీ చేతికీ పొంతన లేదేటి?" అడగడంలో తప్పు లేదు. జవాబు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా అయ్య సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి సంక్రాంతికి నేను పెద్దలకి పెట్టనన్నాను. పోయినోడు వచ్చి బూరెలు తినడు, కొత్త పంచె కట్టడు, ఎందుకీ తంతు అని వాదించాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు ముద్ద ముట్టలేదు. వాదనలో నేనే గెలిచాను గానీ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

తర్వాతేడు నేనే పంచె కొన్నాను. అయ్య ఫొటో ముందు ఆకు వేసి వడ్డించాం. "నాన్నా, తాత వస్తాడా?" అని మా కుర్రోడు అడిగాడు. "రాడురా. తాత గురించి మాట్లాడుకోడానికి మనమే కూర్చున్నాం" అన్నాను. అమ్మ వింది, ఊరుకుంది. అయ్య పోర్టులో మూటలు మోసి మొదటి జత ఎడ్లు కొన్నాడని ఆ రోజే అమ్మ నోట విన్నాను. ఇన్నేళ్లూ నాకు తెలీదు. ఆ పంచె మా పొలంలో పనిచేసే పెద్దాయనకి ఇచ్చాం.

కనుమా అంతే. ఆవుకి దండం పెట్టను. ఏడాదంతా మనకి చాకిరీ చేసిన పశువుకి ఒక్కరోజు పని మాన్పించి, కడిగి, కడుపునిండా మేత వెయ్యడానికి దేవుడు చెప్పాలా? ఏరువాక పున్నమి కూడా వాన చూసి నాగలి కట్టే రైతు పండగే కదా.

నాస్తికుడంటే మన తెలుగోళ్లకి గోరా గారే గుర్తొస్తారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకి మార్చారు. దేవుడు లేడని చెప్పి ఊరుకోలేదాయన. అన్ని కులాలవాళ్లనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. పండగల విషయంలో నా దారి నాదే. ఆ పంక్తి మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

అందుకే మూడు పనులు చెయ్యను. నమ్మినట్టు నటించను. అప్పు చేసి పండగ చెయ్యను. కులం చూసి ఆకు వెయ్యను.

మన మధురవాడ సంగతి చూడండి. జీడితోటలు, పొలాలు ప్లాట్లయిపోయాయి. కొండ మీద ఐటీ కంపెనీలు, అటుపక్క క్రికెట్ స్టేడియం వచ్చాయి. ఒకప్పుడు గట్టు మీద రోజూ కలిసేవాళ్లం. ఇప్పుడు కలిసేది పండగకే. అదీ మానేస్తే మరెక్కడ కలుస్తాం?

ఆషాఢంలో సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణకి జనం 32 కిలోమీటర్లు నడుస్తారు. హనుమంతవాక దగ్గర నేనూ మజ్జిగ పోస్తాను. వాళ్లు భక్తితో నడుస్తారు, నేను వాళ్ల దాహం చూసి పోస్తాను. ఇప్పటిదాకా ఎవరికీ గొడవ రాలేదు.

మీ ఇంట్లో నమ్మని కుర్రోడుంటే పండగనాడు వాణ్ణి వేరుచెయ్యకండి. నమ్మని తమ్ముళ్లూ, మీరూ అమ్మ వండిన బూరెల దగ్గర వాదన పెట్టకండి.

మీరేమంటారో కింద రాయండి. తిట్టినా చదువుతాను. కనుమనాడు మాత్రం మా పశువుల శాల కాడికి రండి.