వేలిముద్ర అంటే ఒప్పుకోవుడు కాదు

2009ల ఖమ్మం జిల్లాలో 10–14 ఏండ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన్రు. అందులో ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ పిల్లలు ఎందరో. పార్లమెంటు స్థాయీ సంఘం 2013ల ఏం చెప్పింది? 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు!

ఇప్పుడు ఇదెందుకు గుర్తు చేస్తున్నం? దేశంలో దవాఖానలకు ఏఐ వస్తున్నది. ఛాతీ ఎక్స్‌రే చూసి టీబీ అనుమానం ఉందో లేదో సాఫ్ట్‌వేర్ చెప్తున్నది. డాక్టర్లు తక్కువున్న చోట అది అక్కరకొచ్చేదే, వద్దంటలేం. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దవాఖానలకు తండాల నుంచి, గూడేల నుంచి వచ్చే మన తల్లికి ఆ సంగతి ఎవరు చెప్పాలె? మిషన్ తప్పు చెప్తే జవాబుదారి ఎవరు?

రోగికి చెప్పాలె, సమ్మతి తీసుకోవాలె అని ఐసీఎంఆర్ 2023ల మార్గదర్శకాలిచ్చింది. అవి చట్టం కాదు. అందుకే ప్రతి దవాఖానకు రాసిపెట్టిన నియమం కావాలె. ఏ పనికి ఏఐ వాడుతున్నరో బోర్డు పెట్టాలె. గోండీ, లంబాడీ మాట్లాడేటోళ్లకు వాళ్ల భాషల్లోనే చెప్పాలె. ఆఖరి మాట, బాధ్యత డాక్టర్‌దే ఉండాలె. మిషన్ వద్దన్నోళ్లకు వైద్యం ఆగొద్దు.

వార్డెన్ సంతకాల కాలం మళ్లీ రానియ్యొద్దు.