సేమ్యా బదులు సొరకాయ

"మావారు రాత్రిపూట అన్నం మానేశారండీ, ఒట్టి టిఫినే!" షుగరున్న ఇళ్ళలో తరచూ వినబడే మాట ఇది. మూడేళ్ళపాటు నేనూ ఇదే మాట గొప్పగా చెప్పుకున్నాను. అందులో ఎంత పొరపాటుందో తెలిసొచ్చాక, మీతో చెప్పకుండా ఉండలేక ఈ వారం ఇదే రాస్తున్నాను.

మాది కొడవలూరు. పెన్న నీళ్ళతో పండే మాగాణి సీమ. గుమ్మం దాటితే వరి మళ్ళే. మొలగొలుకుల బియ్యమంటేనే నెల్లూరు గుర్తొస్తుంది కదా! ఇలాంటి చోట పుట్టి పెరిగిన మనిషిని అన్నం తగ్గించమంటే సామాన్యమా? అయినా డాక్టరుగారు చెప్పారని మావారికి రాత్రి అన్నం ఆపేశాను. ఒకరోజు సేమ్యా ఉప్మా, ఒకరోజు చపాతీలు, ఇంకోరోజు రవ్వ ఉప్మా. తీరా మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయిస్తే, ఎక్కడి గొంగళి అక్కడే!

"రాత్రికి ఏం పెడుతున్నావమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. చెప్పాను. ఆయన నవ్వి, "సేమ్యా ఏమన్నా చెట్టుకి కాస్తుందా? అదీ గోధుమ పిండే కదా!" అన్నారు. సిగ్గుతో తల వంచుకున్నాను. ఇంటర్ దాకా చదువుకున్నాను, ఈపాటి తోచలేదే అని!

నిజం చెప్పాలంటే బియ్యం, గోధుమలు, రాగులు, సేమ్యా, రవ్వ... వేటిని తీసుకున్నా 100 గ్రాముల్లో పిండి పదార్థం కాస్త అటూ ఇటూగా 60 నుంచి 80 గ్రాముల దాకా ఉంటుంది. రాగుల్లో, కొర్రల్లో పీచు ఎక్కువ, ఆ మేలు ఉంది. అంతమాత్రాన రెండు ముద్దల సంగటి లాగిస్తే షుగరు పెరగదనుకోవడం భ్రమ. మా అమ్మాయి నెల్లూరులో డిగ్రీ చదువుతోంది. సెలవులకొస్తే పాస్తా పొట్లాలు తెస్తుంది. అదీ సేమ్యాకి అక్కచెల్లెలే. రూపం మారిందంతే!

మరి ఏం పెట్టాలి? అప్పుడే కాయగూరల బుట్ట మీద నా కన్ను పడింది. సొరకాయలో పిండి పదార్థం 100 గ్రాములకు 3 గ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్లలోనూ 5, 6 గ్రాములకు మించదు. మొదట బీరకాయతో చేసి చూశాను, గుజ్జయిపోయింది. సొరకాయను సన్నగా, పొడవుగా తరిగి తాలింపు వేస్తే మటుకు అచ్చం సేమ్యాలా కంటికి ఆనింది. రుచి సేమ్యాలాగే ఉందని అబద్ధం చెప్పను. కానీ బాగుంది.

మా అత్తమ్మ పళ్ళెంలోకి తొంగి చూసి, "ఏందిమే ఇది, బిడ్డకి గడ్డి పెడతన్నావా?" అంది. ఆవిడ బాధ ఆవిడది. కొడుకు కడుపునిండా అన్నం తింటుంటే చూసిన కళ్ళు కదా!

ఆ ఉత్సాహంలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక రాత్రి ఒట్టి సొరకాయ మాత్రమే పెట్టి, మాత్ర ఎప్పటిలాగే వేయించాను. తెల్లవారుజామున మూడింటికి మావారు లేచి కూర్చున్నారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. ఇంట్లో ఉన్న మిషనుతో చూస్తే షుగరు 58! 70కి తగ్గితేనే ప్రమాదం. గబగబా మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటకి మళ్ళీ పరీక్ష చేస్తే 84 వచ్చింది. రెండు ఇడ్లీలు పెట్టి, తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను. మా అత్తమ్మ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

తిండిలో పిండి ఒక్కసారిగా తగ్గించేస్తే, మాత్రల మోతాదు కూడా డాక్టరుగారు సరిచూడాలట. ముఖ్యంగా ఇన్సులిన్, షుగరును బాగా దించే కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళకి. మాట తడబడేవరకు వస్తే నీళ్ళు మింగగలరో లేదో చూసుకునే పట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. మధ్యాహ్నం ఒక గిన్నె కొలతగా అన్నం, దానికి రెండింతలు కూర, చేపల పులుసులో ముక్కలు. రాత్రికి సొరకాయతో పాటు తప్పనిసరిగా గుడ్డో, పెసలో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని ఉంది. మన పళ్ళేల్లో ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి!

ఇక మా ఇంటి 'సొరకాయ సేమ్యా' చేసే తీరు ఇదీ.

కావలసిన వస్తువులు (ఇద్దరికి): లేత సొరకాయ అర కిలో, కోడిగుడ్లు 3, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) 1, పచ్చిమిరపకాయలు 3, అల్లం చిన్నముక్క, వేరుశనగ పప్పులు 2 చెంచాలు, ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, నూనె 2 చెంచాలు, ఉప్పు, నిమ్మకాయ.

తయారు చేసే విధానం: ముందు సొరకాయ ముక్క చిన్నది కొరికి చూడండి. చేదుగా ఉంటే మొహమాటం లేకుండా పారేయండి, అది తింటే జబ్బు చేస్తుంది. తొక్క తీసి, లోపలి గింజల మెత్తటి భాగం వదిలేసి, గట్టి భాగాన్ని పొడవుగా సన్నని తీగల్లా తరగాలి. చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలుంచి, నీరు గట్టిగా పిండెయ్యాలి. ఈ పని వదిలేస్తే ఉప్మా కాదు, పులుసవుతుంది!

గుడ్లు గిలకొట్టి పల్చని అట్టు పోసి, చాప చుట్టినట్టు చుట్టి, సన్నగా తరిగితే రిబ్బన్లలా వస్తాయి. బాణలిలో నూనె కాగాక తాలింపు పెట్టి, ఎర్రగడ్డ, మిర్చి, అల్లం వేయించి, సొరకాయ వేసి పెద్ద మంట మీద మూడు నిమిషాలే వేయించండి. మూత పెట్టకండి. దించేముందు గుడ్డు రిబ్బన్లు, వేయించిన వేరుశనగ పప్పులు కలిపి నిమ్మరసం పిండండి. తీసిన నీళ్ళలో ఉప్పు ఉందని మరచి మళ్ళీ వేయకండి సుమా!

శాకాహారులు గుడ్డుకు బదులు పెసరట్టు పల్చగా పోసి రిబ్బన్లు చేసుకోవచ్చు. పెసల్లోనూ పిండి ఉంటుంది, కానీ మాంసకృత్తులు, పీచు తోడుంటాయి గనుక నిదానంగా పనిచేస్తుంది. పాస్తా ఇష్టపడే పిల్లలకి ఇదే సొరకాయ మీద టమాటా, తెల్లగడ్డల గుజ్జు వేసి పెట్టండి. క్యాబేజీ అయితే నూడుల్స్ లాగా వస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం గుడ్లూ, పప్పులూ పెంచేముందు డాక్టరుని అడగాలి.

ఇప్పటికి ఐదు నెలలైంది. మూడు నెలల సగటు 8.4 నుంచి 7.3కి వచ్చింది. ఒక్క సొరకాయ వల్లే అననులెండి. ఉదయపు నడక, సరిచేసిన మాత్ర, ఆ గిన్నె కొలత... అన్నీ కలిసి. వారానికి రెండు రాత్రులు మావారే అడిగి చేయించుకుంటున్నారు. మొన్న మా అత్తమ్మ వంటింట్లోకొచ్చి, "నాకూ రొంత పెట్టుమే" అని ప్లేటు చాచింది. నాకింకేం కావాలి!

ఇంట్లో షుగరున్న మనిషికి వడ్డించేది మనమే. 'టిఫినే కదా' అని సరిపెట్టుకోకుండా ఒక్కసారి పళ్ళెంలోకి చూడండి. మరి ఈ వారం మీరూ సొరకాయ తెచ్చి చేసి చూస్తారు కదూ!