ఏం కూర?

సంక్రాంతి ఇంకో వారం ఉందనగా ఏటా ఒక ఉపన్యాసం బయల్దేరుతుంది. పత్రికలో ఒకరు రాస్తారు, టీవీలో పట్టుచీర కట్టుకున్న యాంకరమ్మ ఒకసారి అంటుంది, ప్రవచనాల వీడియోలో ఇంకొకాయన గొంతు పెంచి చెబుతాడు. సారం ఒక్కటే. ఒకప్పుడు పండగంటే మనుషులు అరుగుల మీద కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునేవారు, ఇప్పుడు మొహం కూడా చూడని వాళ్ళతో ఫోన్లో సొల్లు కబుర్లు చెప్పుకుంటున్నారు, కనుక పండగ మూడు రోజులూ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేయండి. పోయిన భోగికి ఈ ఉపదేశం నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. నాలుగూ ఫార్వర్డులే.

నేను బీరువాలో పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెబుతాను.

సొల్లు అంటే ఏమిటి? పనికొచ్చే సమాచారం లేని మాట అనే కదా. అలాగైతే తెలుగువాళ్ళం పుట్టిందగ్గర్నుంచీ చెప్పుకుంటున్నది సొల్లే. ‘ఏం కూర?’ అని అడుగుతాం. అవతలివాళ్ళు దొండకాయ అన్నా బెండకాయ అన్నా మనకు ఒరిగేదేమీ లేదు. బజారు నుంచి సంచీతో వస్తున్న మనిషిని ‘బజారుకెళ్ళొస్తున్నారా?’ అంటాం. కనపడటం లేదా మరి? అయినా అడగకుండా పక్కనుంచి వెళ్ళిపోతే, ‘ఆవిడకి ఈ మధ్య కళ్ళు నెత్తికెక్కాయి’ అని సాయంత్రానికి వీధంతా అనుకుంటుంది.

దీన్ని పెద్దవాళ్ళు ఎప్పుడో పట్టుకున్నారు. ట్రోబ్రియాండ్ దీవుల్లో కొన్నేళ్ళు ఉండి వచ్చిన మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లో రాసిన వ్యాసంలో, ఏదో తెలియజెప్పడానికి కాక కేవలం కలిసి ఉండటానికే ఆడే మాటలు ఉంటాయనీ, మనుషుల మధ్య ముడి వేసేది అవేననీ అన్నాడు. 1996లో వచ్చిన పుస్తకంలో రాబిన్ డన్‌బార్ అనే పరిణామ మనస్తత్వశాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకేశాడు. కోతులు ఒకదాని ఒళ్ళు ఒకటి గీరి, పేలు ఏరి స్నేహం నిలుపుకుంటాయి, మంద పెద్దదయ్యాక ఆ పని మనిషికి కబుర్లు చేసిపెడుతున్నాయి అని ఆయన వాదన. మా అమ్మమ్మగారి పెరట్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు వరసగా మెట్ల మీద కూర్చుని పేలూ చూసుకునేవారు, కబుర్లూ చెప్పుకునేవారు. ఆయన ఒక్క వేసవి మా ఊళ్ళో గడిపి ఉంటే పుస్తకం ఇంకా తొందరగా తేలిపోయేది.

మా గ్రూపు సంగతికి వస్తాను. 2020 లాక్‌డౌన్‌లో మిద్దెతోటల వాళ్ళ గ్రూపు ఒకదాంట్లో కలిశాం. వంగమొక్కకు పిండినల్లి పడితే ఏం కొట్టాలన్న దగ్గర మొదలై, ఏడుగురం విడిగా ఒక చిన్న గ్రూపు పెట్టుకున్నాం. ఒకావిడది భీమవరం, మా అందరికీ పెద్దమ్మ లెక్క. ఒకరిది కరీంనగర్. ఒకామె డాలస్‌లో ఉంటుంది. అందరికన్నా చిన్నది హైదరాబాద్‌లో నర్సు. ఇన్నేళ్ళలో నేను కళ్ళారా చూసింది ఇద్దరినే.

పోయిన భోగినాడు తెల్లవారుజామున ఐదింటికి మా వీధిలో మంట వేస్తే ఫొటో పెట్టాను. డాలస్‌లో అప్పటికి ముందురోజు సాయంత్రం ఐదున్నర. ‘మాకింకా భోగి రాలేదక్కా, మీ మంటలో నాలుగు పిడకలు నా పేరు మీద వేయండి’ అంది. వేశాను. ఆవిడ ఆ సాయంత్రం మొట్టమొదటిసారి అరిసెలకి దిగింది. ఆ తరవాత గంటసేపు నడిచిన సొల్లు ఇది:

‘పాకం వచ్చిందా?’

‘వచ్చినట్టే ఉంది పెద్దమ్మా.’

‘ఉన్నట్టు కాదు తల్లీ. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వెయ్యి. వేళ్ళతో దగ్గరికి తీస్తే ఉండ కట్టాలి.’

‘కట్టింది, మెత్తగా ఉంది.’

‘మెత్తగానే ఉండాలి! దింపెయ్, దింపెయ్!’

కాసేపటికి ఫొటో వచ్చింది. నూనెలో అరిసె విచ్చిపోయి ఎటుపడితే అటు పాకింది. నైట్ డ్యూటీ దిగి బస్సులో ఉన్న నర్సమ్మాయి చూసి, ‘ఇది అరిసె కాదు, అమెరికా పటం’ అంది. కరీంనగర్ ఆవిడ అందుకుంది: ‘అందుకే మా సకినాలే నయం. బియ్యప్పిండి, నువ్వులు, వాము. పాకం లొల్లే లేదు, చుట్టుడే.’ పెద్దమ్మ ఊరుకుంటుందా, ‘అంత సులువైతే ఇంటికి నలుగురు కూర్చుని ఎందుకు చుడతారమ్మా?’ అంది. డాలస్‌లో రెండో వాయి నిలబడింది. ఆ ఇంట్లో అప్పుడు ఆమె తప్ప ఎవరూ లేరు. భర్త ఆఫీసు నుంచి రాలేదు. అమెరికాలో మన పండక్కి సెలవు ఎవరిస్తారు?

ఇది మనుషుల్ని దూరం చేసిందంటారా?

అరుగు గొడవ తేల్చాలి. ఆ అరుగు మీద ఎవరు కూర్చునేవారు? మా అమ్మమ్మ కూర్చోలేదు. అది ఆవిడ ఇంటి అరుగే, రోజూ కడిగి ముగ్గు పెట్టింది ఆవిడే. మగవాళ్ళ అలికిడి వినపడగానే తలుపు వెనక్కి వెళ్ళిపోయేది. మా ఇంటి పాలేరు అరుగెక్కగా నేను చూడలేదు; కింద నిలబడే మాట్లాడేవాడు. అమ్మమ్మ కబుర్లన్నీ నూతి గట్టు దగ్గర, చేద దించి పైకి లాగే లోపల. అరుగు మీది మాటలకు రాజకీయమనీ లోకజ్ఞానమనీ పేర్లు పెట్టారు, నూతి గట్టు మాటలకు అమ్మలక్కల కబుర్లని పెట్టారు. ఇవాళ ఫోన్లో మేం చెప్పుకునే వాటిని ఎవరైనా సొల్లు అంటే నాకు ఆ పాత గొంతే వినపడుతుంది. అరుగు పోయిందని ఏడ్చేవాళ్ళు తాము ఎక్కడ కూర్చుని ఆ అరుగును తలచుకుంటున్నారో ఒకసారి చూసుకోవాలి.

ఇంకో మాట. కోర్టులు వద్దన్నా గోదావరి జిల్లాల్లో ఆ మూడు రోజులూ కోడిపందేల బరులు నిండిపోతాయి, పక్కనే గుండాట, రాత్రయితే పేకాట. పండక్కి ఇంటికొచ్చిన మగవాడు పెళ్ళాం బిడ్డల మొహం చూసేది భోజనాల దగ్గరే. పేక ముక్కల వల్ల మానవ సంబంధాలు మంటగలిశాయని సంక్రాంతి సంచికలో వ్యాసం నేను ఇంతవరకు చదవలేదు. దాన్ని సంప్రదాయం అంటారు.

వాళ్ళు చెప్పేదాంట్లో నిజమేమీ లేదనను. నానమ్మ మూడుసార్లు పిలిచినా పలకని మనవడు మా ఇంట్లోనూ ఉన్నాడు, మొట్టికాయ వేయాల్సిందే. అయితే వాడు ఎవరితోనూ కబుర్లు చెప్పడం లేదు, రీల్స్ చూస్తున్నాడు. ఫోన్‌లో జరిగేదంతా ఒకే గాటన కట్టడం దగ్గరే ఈ ఉపన్యాసం తప్పుదారి పడుతోంది. దీపాల బొమ్మ, గాలిపటం బొమ్మ, కింద నాలుగు లైన్ల కవిత, చివర పంపినాయన ఫొటో, దాన్ని రెండొందల మందికి ఒకేసారి తోసేయడం: ఆ బెడద మీద నాకూ ఒళ్ళుమంటే.

కాకపోతే ఆ బెడద ఫోన్ కన్నది కాదు. తంతి రోజుల్లోనే శుభాకాంక్షలకు నంబర్లు ఉండేవి. ఫారంలో నంబరు వేసి ఇస్తే అవతలి ఊళ్ళో వాక్యం అచ్చయి వచ్చేది. ఆ తంతిని మన దేశంలో 2013 జులైలో మూసేశారు. సినిమా హీరోల బొమ్మలతో సంక్రాంతి గ్రీటింగ్ కార్డులు కొని, కింద సంతకం పెట్టి పంపిన తరం మాది. ఎస్సెమ్మెస్ ప్యాకులు పండగనాడు చెల్లవని ముందురోజు రాత్రే శుభాకాంక్షలు కొట్టేసి పడుకున్నదీ మేమే. అసలు లోకంలో మొట్టమొదటి ఎస్సెమ్మెస్సే పండగ శుభాకాంక్ష. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే కుర్ర ఇంజినీరు తన కంప్యూటర్ నుంచి రిచర్డ్ జార్విస్ అనే వొడాఫోన్ అధికారి ఫోన్‌కి ‘మెర్రీ క్రిస్మస్’ అని పంపాడు. ఆ ఫోన్‌లోంచి తిరిగి సందేశం కొట్టే వీలు లేదు. జవాబు అక్కర్లేని ఆ శుభాకాంక్షకు వారసులు ఇవాళ్టి ఫార్వర్డులు. ‘ఏం కూర?’ వేరే వంశం. దానికి జవాబు కావాలి.

మా ఏడుగురిలో ఒకావిడ రాజమండ్రిలో ఉంటుంది. పోయిన సంక్రాంతికి ముందు ఆషాఢంలో ఆమె భర్త పోయారు. ఏడాది మైల, ఇంట్లో పండగ లేదు. శుభాకాంక్షలు చెప్పకూడదు కాబట్టి ఎవరూ ఫోనే చేయలేదు. మూకుడు పెట్టకూడదు కాబట్టి పక్కింటివాళ్ళు అరిసెలు తెచ్చారు, గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళిపోయారు. తప్పు వాళ్ళది కాదు, ఏం మాట్లాడాలో తెలియదు ఎవరికీ. మాకూ తెలియలేదు. అరిసెల గొడవంతా ఆవిడ చదువుతోందని నీలం టిక్కులు చెబుతూనే ఉన్నాయి. ఒక్క మాట రాలేదు.

కనుమనాడు మధ్యాహ్నం నర్సమ్మాయి పేరు పెట్టి అడిగేసింది: ‘రాజమండ్రి అక్కా, ఏం కూర?’

నలభై నిమిషాలు ఏమీ లేదు. అడిగినందుకు పెద్దమ్మ ఆ పిల్లని విడిగా ఫోన్ చేసి కేకలేసిందట కూడా. అప్పుడు వచ్చింది జవాబు.

‘చిక్కుడుకాయ. నువ్వు పోస్టులో పంపావే, ఆ విత్తనమే. పందిరంతా పేనుబంక పట్టింది. రోజూ ఆయనే నీళ్ళు కొట్టేవారు.’

సాయంత్రం దాకా పేనుబంక గురించే మాట్లాడుకున్నాం. వేపనూనె ఎంత కలపాలి, సబ్బునీళ్ళు ఎప్పుడు కొట్టాలి, పాడైన తీగ కోసేయాలా వద్దా. ఓదార్పు మాట ఎవరూ రాయలేదు. రాత్రి ఎనిమిదింటికి ఆవిడే, ‘మీ గారెలు ఎలా వచ్చాయి?’ అని అందర్నీ అడిగింది.

ఆషాఢంతో ఏడాది తీరింది. రాబోయే భోగికి మూకుడు పెడుతోంది. తెల్లవారుజామున నాలుగింటికి మొదలెడతాను, పాకం దగ్గర మీరంతా ఉండాలని ఇప్పటికే మెసేజ్ పెట్టింది. కనుక ఉపన్యాసకులు క్షమించాలి, నా ఫోన్ బీరువాలోకి వెళ్ళదు.