పొడుగున్నాడని స్కూలు మాన్పించేద్దామా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగు అయిపోయి, అందరూ ప్రోగ్రెస్ కార్డులు పట్టుకుని మెట్లు దిగిపోయాక, తొమ్మిదో తరగతి అబ్బాయి తండ్రి ఒకాయన నా దగ్గర ఆగారు. పోర్టులో పని చేస్తారు. బాబు ఇప్పటికే ఆరడుగుల ఒక అంగుళం. ఒక టోర్నమెంటులో బాబును చూసిన వేరే రాష్ట్రం అకాడమీ వాళ్ళు, టీసీ తీసుకుని వచ్చెయ్యండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నారట. "ఏం చెయ్యమంటారు మేష్టారూ? అమెరికాలో ఎన్‌బీఏ వాళ్ళు పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని ఎక్కడెక్కడి దేశాలనుంచో తీసుకుపోతున్నారు కదా. ఇప్పుడు వద్దంటే రేపు వాడు నన్ను తిట్టుకోడా?" అన్నారు.

అప్పటికి "ఆలోచిద్దాం సార్" అని పంపించేశాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను. ఆయన పైకి అడిగారు, మీలో కొందరు లోపల అడుగుతున్నారు. బాస్కెట్‌బాల్ కాకపోతే క్రికెట్, అదీ కాకపోతే బ్యాడ్మింటన్.

ముందు ఆ ఎన్‌బీఏ సంగతి చూద్దాం. మనకు తెలిసిన ఐపీఎల్‌లో వేలం ఉంటుంది. 2017లో మన హైదరాబాద్ సన్‌రైజర్స్ వాళ్ళు రషీద్ ఖాన్ అనే పద్దెనిమిదేళ్ళ అఫ్గాన్ కుర్రాణ్ణి 4 కోట్లకు పాడుకున్నారు. ఆ సీజన్లో 17 వికెట్లు తీశాడు. ఎన్‌బీఏలో పాట ఉండదు, వంతు ఉంటుంది. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 30 జట్లు, రెండు రౌండ్లు, దాదాపు 60 పేర్లు. మొదటి రౌండులో పేరొస్తే జీతానికి గ్యారంటీ. రెండో రౌండులో వస్తే అలాంటి హామీ ఏదీ లేదు.

ఇక్కడ ఒక జట్టు ఎలా ఆలోచిస్తుందో గమనించండి. 2003లో డెట్రాయిట్ జట్టు రెండో వంతులో సెర్బియానుంచి డార్కో మిలిచిచ్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తీసుకుంది. ఏడడుగులవాడు. అతని తర్వాత పిలిచిన పేర్లలో కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ ఉన్నారు. ముగ్గురూ పెద్ద స్టార్లయ్యారు. డార్కో కాలేదు. చాలాకాలం బెంచీ మీదే కూర్చున్నాడు, తర్వాత జట్లు మారాడు, చివరికి ఆట వదిలేసి సొంత దేశంలో పండ్ల తోటలు వేసుకున్నాడు. మరి ఇంత పెద్ద తప్పు చేసిన డెట్రాయిట్ ఏమైంది? మరుసటి ఏడాది, 2004లో, ఛాంపియన్ అయింది! జట్టుకు ఒక పిల్లవాడి విషయంలో లెక్క తప్పినా ఇంకో డజనుమంది ఉంటారు, వచ్చే ఏడాది ఇంకో వంతు ఉంటుంది. అకాడమీకైనా అంతే. మీ ఇంట్లో వచ్చే ఏడాది ఇంకో తొమ్మిదో తరగతి బాబు ఉండడు.

అందుకే "వాళ్ళు అంత నమ్మకంగా అడుగుతున్నారు సార్" అంటే నాకు ధైర్యం రాదు. అడగడానికి వాళ్ళకు ఖర్చేముంది?

మన దేశం సంగతికొద్దాం. పంజాబులో బల్లో కే అనే పల్లెటూరినుంచి సత్నామ్ సింగ్. ఏడడుగుల రెండంగుళాలు. లుధియానా అకాడమీలో ఆట నేర్చుకున్నాడు. 2010లో పద్నాలుగేళ్ళకే స్కాలర్‌షిప్ మీద అమెరికాలో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్ళాడు. వెళ్ళేనాటికి ఇంగ్లీషు దాదాపు రాదు. అక్కడ కాలేజీ జట్టులో ఆడాలంటే ఆట ఒక్కటే చాలదు, చదువులోనూ కనీస అర్హత చూపించాలి. అది కుదరలేదు. దాంతో పంతొమ్మిదేళ్ళకు నేరుగా డ్రాఫ్టులో పేరిచ్చాడు. 2015 జూన్‌లో డల్లాస్ మావెరిక్స్ 52వ వంతులో అతని పేరు పిలిచింది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన మొదటివాడు. ఆ రోజు పేపర్లన్నీ అతని ఫొటోతో నిండిపోయాయి. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

తర్వాతి కథకు అంత పెద్ద ఫొటోలు రాలేదు. రెండు సీజన్లు డల్లాస్ వాళ్ళ చిన్న జట్టు టెక్సాస్ లెజెండ్స్‌కు ఆడాడు. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. 2021లో ప్రొఫెషనల్ రెజ్లింగులోకి వెళ్ళాడు. ఓడిపోయాడని నేననను. ఆ పల్లెనుంచి అంతదూరం వెళ్ళడమే గొప్ప. కానీ ఆ కాలేజీ తలుపు తెరిచే ఉండుంటే మూడు, నాలుగేళ్ళు నెమ్మదిగా ఎదిగే అవకాశం ఉండేది కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తలుపు మూసుకుపోయింది ఆటలో కాదు, చదువులో.

దీనికి ఎదురు ఉదాహరణ నికోలా యోకిచ్. అతనూ సెర్బియావాడే. 2014లో డెన్వర్ జట్టు 41వ వంతులో తీసుకుంది. అమెరికా టీవీలో అతని పేరు వచ్చే సమయానికి ఒక తినుబండారాల కంపెనీ యాడ్ నడుస్తోంది. యోకిచ్ ఇంట్లో నిద్రపోతున్నాడు. అసలు చెప్పుకోవాల్సింది ఆ తర్వాతి ఏడాది. డెన్వర్ అతన్ని వెంటనే రమ్మనలేదు. తన దేశంలో, తన భాషలో, తన జట్టులోనే ఇంకో ఏడాది ఆడుకోనిచ్చింది. 2015లో వెళ్ళాడు. ఇప్పటికి మూడుసార్లు ఎంవీపీ, 2023లో ఛాంపియన్. కోట్ల డాలర్లు పెట్టే జట్టే ఏడాది ఆగగలిగినప్పుడు, పదో తరగతి పరీక్షలయ్యేదాకా మన అకాడమీ వాళ్ళు ఎందుకు ఆగలేరు?

పొడుగు గురించి కూడా ఒక మాట. పద్నాలుగేళ్ళకు ఆరడుగులున్న బాబు పద్దెనిమిదికి ఆరున్నర అవుతాడని లెక్క లేదు. కొందరు తొందరగా ఎదిగి పదిహేను, పదహారుకే ఆగిపోతారు. ఇప్పుడు క్లాసులో వెనక్కి ఉన్నవాడు ఇంటరులో దాటేస్తాడు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల చివర్లు కలిసిపోయాయో లేదో డాక్టరు చూస్తే ఇంకా ఎంత ఎదుగుదల ఉందో ఒక అంచనా చెబుతారు. ఎన్‌బీఏ ఆటగాడి సగటు ఎత్తు ఆరున్నర అడుగుల దగ్గర ఉంటుంది, అది కూడా పొట్టివాళ్ళను కలుపుకుని.

ఇదంతా విని "అయితే మేష్టారు ఆటలు వద్దంటున్నారు" అనుకునేరు! ఉద్యోగమే ఆటలు నేర్పడం, నేనెలా వద్దంటాను? మన ఊరి నితీష్ కుమార్ రెడ్డినే చూడండి. తండ్రి ముత్యాల రెడ్డి గారు హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం చేసేవారు. ఉదయ్‌పూర్ బదిలీ వస్తే, అక్కడ కొడుకు క్రికెట్ సాగదని ఉద్యోగమే వదిలేశారు. డబ్బు ఇబ్బందులతో నాన్న ఏడవడం చూశాకే ఆటను సీరియస్‌గా తీసుకున్నానని నితీష్ స్వయంగా చెప్పాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఆ కుర్రాడు 114 కొట్టినప్పుడు గ్యాలరీలో ఆ తండ్రి కన్నీళ్ళు మనమందరం టీవీలో చూశాం. మా ఇంట్లో కూడా ఏడ్చాం. అయితే ఆ తండ్రి పణంగా పెట్టింది తన ఉద్యోగాన్ని అని మర్చిపోకండి. ఆయనలాగే ఉద్యోగం వదిలేసి, కొడుకు జట్టులోకి రాని తండ్రులు ఎంతమందో మనకు తెలీదు. వాళ్ళను ఏ కెమెరా చూపించదు.

మా మేనేజ్‌మెంటును కూడా ఈ పేజీలోనే ఒకటి అడుగుతున్నాను. మన బ్రాంచిలో ఎనిమిది దాటాక గేమ్స్ పీరియడ్ ఫౌండేషన్ క్లాసుకు పోతుంది. వన్ టౌన్ సందుల్లో మనకు గ్రౌండ్ లేదు, డాబా మీద ఒక రింగు ఉంది, అది కూడా సముద్రం గాలికి తుప్పు పట్టింది. పిల్లవాడికి ఇక్కడ ఆడుకునే వీలు లేకపోతేనే కదా టీసీ అడుగుతాడు? వారానికి మూడు గంటలు మిగల్చండి. బయటకు వెళ్ళిన పిల్లవాడు రెండేళ్ళలో తిరిగొస్తే కొత్త అడ్మిషన్ ఫీజు లేకుండా చేర్చుకుంటామని రాసివ్వండి. ఇది అచ్చులో వస్తుందో రాదో చూడాలి.

పోయిన శనివారం ఆ తండ్రికి ఫోన్ చేసి పాత పోస్టాఫీసు దగ్గర టీ కొట్టులో కలిశాను. అకాడమీ వాళ్ళకు పంపమని నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను. పదో తరగతి పరీక్ష ఏ బోర్డులో, ఏ స్కూలునుంచి రాయిస్తారు? మోకాలికి దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది? అయిదేళ్ళ క్రితం చేరిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, ఇద్దరి తండ్రులతో మాట్లాడిస్తారా? ఒక ఏడాది ఆగి వస్తామంటే సీటు ఉంచుతారా?

ఆయన కాగితం ఫొటో తీసి అక్కడే వాట్సాప్‌లో పంపించారు. బ్లూ టిక్ పడింది. ఇది రాస్తున్నప్పటికి జవాబు రాలేదు. బాబు మాత్రం రోజూ పొద్దున్న ఆరున్నరకు డాబా మీదకు వస్తున్నాడు. ఎడమచేతి లే-అప్ ఇంకా కుదరడం లేదు.

మీ పీడీ మేష్టారు,
వన్ టౌన్ బ్రాంచి