గృహయంత్ర విజ్ఞానము: పాత స్కూటరునకు నిప్పు, గాలి, ఇంధనము



వంటయిల్లు గృహిణిది, బండి గృహస్థుది అను పాత విభాగము మన పల్లెలలో సడలిపోయినది. దెందులూరు నుండి ఏలూరునకు బిడ్డను బడికి చేర్చుటకును, పెద్దలను వైద్యునికడకు కొనిపోవుటకును స్త్రీలును బండి నడుపుచున్నారు. అయినను బండి మొరాయించినపుడు దాని లోపలి సంగతి మనకు పట్టనిదని తలంచి, మెకానికు చెప్పినదానికెల్ల తలయూచి రొక్కము చెల్లించుచున్నాము. పొయ్యి మర్మ మెఱిగిన చేతికి ఇంజను మర్మము అందనిది కాదని తెలుపుటయే ఈ మాసమున మా యుద్దేశము.

కొన్ని యిండ్ల వసారాలలో నేటికిని నిలిచియున్న పాత చేతక్ స్కూటరును దృష్టాంతముగా గైకొందము. ఇటలీ దేశపు వెస్పా ఒరవడిలో బజాజు వారు 1972లో దీనిని వెలువరించి, రాణా ప్రతాపుని గుఱ్ఱము పేరు పెట్టిరి. ముందుగా సొమ్ము కట్టి, యేండ్ల తరబడి వేచి దీనిని కొన్న కుటుంబములు అనేకములు. 2020లో అదే పేరుతో వచ్చినది విద్యుత్తుతో నడచునది గావున దానితో మనకిపుడు పని లేదు.

పాత చేతక్ ఇంజను నీటిచే గాక గాలిచే చల్లబడును. తిరుగుచున్న చక్రమునకు గల రెక్కలు గాలిని విసరగా, ఆ గాలి రేకుతొడుగు లోపల సిలిండరు చుట్టును ప్రవహించి వేడిని తీసికొనిపోవును. జర్మనీ దేశపు వోక్స్‌వాగన్ బీటిల్ కారును ఇట్టిదే. 2003లో మెక్సికో దేశమున దాని చివరి బండి వెలువడునాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయినవి. కారైనను స్కూటరైనను సూత్ర మొక్కటే: చుట్టును నీరు లేనందున వేడి హెచ్చినచో ఆదుకొనునది తక్కువ. కావున లోపలి మంట సరియైన పాకమున నుండవలెను. రేకుతొడుగు ఊడిపోయినను, రెక్కల నడుమ బురద పేరుకొన్నను ఉపేక్షింపరాదు.

పొయ్యికి వంటచెఱకు, గాలి, నిప్పు మూడును కావలెను గదా! ఇంజనులో మొదటి రెంటిని కలిపి యిచ్చునది కార్బ్యురేటరు; నిప్పు నిచ్చునది ప్లగ్గు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 15 గ్రాముల గాలి కావలెను. ఇంధనము హెచ్చినచో పొగయు మసియు. తగ్గినచో మితిమీరిన వేడి.

బండి సరిగా నడువనపుడు పలువురు ముందుగా కార్బ్యురేటరు మరలను త్రిప్పుదురు. ఇది తలక్రిందుల పద్ధతి. నిప్పే సరిగా లేనిచో, కట్టెలను ఎంత సర్దినను పొయ్యి రాజునా? ముందు నిప్పు, తరువాత గాలి, చివర కార్బ్యురేటరు: ఈ వరుస తప్పరాదు.

ఇంజను చల్లారిన పిమ్మట ప్లగ్గును విప్పి దాని కొన రంగు చూడుడు. ఇటుకపొడి వంటి గోధుమవన్నె ఆరోగ్య లక్షణము. పొడిమసి పట్టి నల్లనైనచో ఇంధనము హెచ్చు, లేదా గాలివడపోత మూసుకొన్నది. సున్నము వలె తెల్లనైనచో ఇంధనము తక్కువ, వేడి యెక్కువ. ఇదియే భయపడవలసిన రంగు. ప్లగ్గు కొనల నడుమ సందు సుమారు 0.6 మిల్లీమీట రుండవలెను. పాయింట్లు గల పాత బండ్లలో వాని సందు సుమారు 0.4 మిల్లీమీటరు. దీనిని మెకానికు కంటితో గాక కొలతరేకుతో చూచుచున్నాడా యని గమనింపుడు. నిప్పు పుట్టు వేళను సరిచేయుట అతని పనియే.

పిదప గాలివడపోతను శుభ్రపఱుపవలెను. కోతల కాలమున గడ్డిదుమ్ము, మిల్లుల చెంత ఊక దీనిని త్వరగా మూసివేయును. అటుపిమ్మట ఇంజనును వేడెక్కించి, నింపాదిగా తిరుగుచుండగా మిశ్రమపు మరను పావుచుట్టు చొప్పున త్రిప్పి, శబ్దము సమముగాను చుఱుకుగాను ఉన్నచోట నిలుపవలెను. ఈ పనిని ఆరుబయటనే చేయుడు. మూసిన గదిలో ఆ పొగ ప్రాణాంతకము.

ఇపుడు మన ప్రాంతమువారు ప్రత్యేకముగా గుర్తింపవలసిన విషయము. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపుట అమలులోనికి వచ్చినది. ఇథనాలు మండుటకు పెట్రోలు కంటె తక్కువ గాలి చాలును. క్రొత్త బండ్లు దానికి తగినట్లు ఇంధనమును తామే సరిచూచుకొనగలవు. పాత కార్బ్యురేటరునకు ఆ తెలివి లేదు. నిన్నటి వఱకు సరిపోయిన జెట్టే నేడు ఇంధనము తక్కువ యిచ్చినట్లగును. పాత రబ్బరు గొట్టములును దీనివలన చెడవచ్చును. అదియు గాక ఇథనాలు తేమను పీల్చుకొనును. కొల్లేటి చేరువ ఊళ్ళలో వారముల కొలది కదలక నిలిచిన బండి టాంకీలో నీరు చేరి, ఇథనాలుతో గూడి అడుగునకు దిగవచ్చును. కార్బ్యురేటరునకు మొదట పోవునది ఆ అడుగుదే. పెట్రోలుతో కలిపిన నూనె పైభాగముననే నిలిచిపోవుటచే ఇంజనుకు జిడ్డు అందదు.

ఇంధనము చాలక, జిడ్డు అందక కాగిపోయిన పిస్టను సిలిండరులో పట్టుకొనిపోయినచో వెనుకచక్రము ఉన్నపాటున బిగిసిపోవును. వెనుక పసిబిడ్డ కూర్చుండియున్నపుడు ఇది కేవలము రొక్కపు నష్టము గాదు. నడుచుచున్న బండి హఠాత్తుగా బిగిసినట్లు తోచిన మఱుక్షణమే క్లచ్చును నొక్కిపట్టి, బండిని మెల్లగా ప్రక్కకు తీయవలెను. ఇంటిలో బండి నడుపు ప్రతివారును ఈ యొక్కమాటను కంఠస్థము చేయుట అవసరము.

కావున బండిని వారమున కొకమా రైనను నడుపుడు. చాలకాలము నిలుపవలసినచో టాంకీని, కార్బ్యురేటరు గిన్నెను ఖాళీచేయింపుడు. నూనెను తయారీదారు చెప్పిన పాళ్ళలోనే కొలిచి పోయుడు. పెట్రోలును వంటయింటి దరికి రానీయకుడు. ప్లగ్గు తెల్లబడినచో మెకానికునకు చూపి, పెద్దజెట్టు అవసరమా, గాలి ఎక్కడనైనను దొంగతనముగా చొరబడుచున్నదా యని అడుగుడు. అడుగ నేర్చిన గృహిణికి సమాధానమును సరిగనే లభించును.