దొనకొండ ఏ జిల్లాలో ఉండాలి? వాడను అడిగిందెవరు?

పడమటి ప్రకాశం ఏళ్ల తరబడి అడిగిన మార్కాపురం జిల్లా వచ్చింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు జాబితాలో మార్కాపురం పేరు లేదు. 2025 ముగిసేనాటికి రాష్ట్రంలో జిల్లాలు 28 అయ్యాయి, వాటిలో మార్కాపురం ఒకటి. మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాలు కలిపి 21 మండలాలు. ఆ 21లో దొనకొండ లేదు. దర్శి నియోజకవర్గంలో ఉంది కాబట్టి దర్శితోపాటు ప్రకాశంలోనే ఉండిపోయింది.

గుంటూరు–గుంతకల్లు లైన్లో దొనకొండ నుంచి మార్కాపురం రోడ్డు స్టేషను దగ్గరే. ఒంగోలు ఆ లైన్లో లేదు. దర్శి మీదుగానో పొదిలి మీదుగానో బస్సులో పోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. అర్జీ ఒక్కసారితో తేలదు కదా. మాలో ఒకరి తాతకు వచ్చిన డీకేటీ పట్టా భూమి వెబ్‌ల్యాండ్‌లో వేరే పేరు మీద ఎక్కింది. ఆ ఇంటివాళ్లు రెండేళ్లలో ఎన్నిసార్లు ఒంగోలు పోయి వచ్చారో లెక్క పెట్టడం మానేశారు. వాళ్లను ఏ జిల్లా కావాలని అడిగితే, మా కాగితం ఏ ఊళ్లో ఉంటే ఆ జిల్లా అంటారు.

ఇది నవ్వులాట మాట కాదు. ఏ జిల్లాలో కలవాలన్న చర్చను పత్రికలు అభిమానం సంగతిగా రాస్తున్నాయి. ర్యాలీలు, బంద్‌లు, జేఏసీలు, వినతిపత్రాలు. దళితవాడల్లో మేం విన్నది ఇంకో రకం లెక్క.

ముందు చట్టం సంగతి. జిల్లాల ఏర్పాటు చట్టం 1974 ప్రకారం ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు పెట్టాలి. ఈసారి ఆ గడువు 2025 నవంబరు చివర మొదలై డిసెంబరులో ముగిసింది. అభ్యంతరం రాతపూర్వకంగా కలెక్టరుకు ఇవ్వాలి. గ్రామసభ పెట్టి అడగాలని ఈ చట్టంలో లేదు. లెటర్‌హెడ్ ఉన్నవాళ్లు రాశారు. సంఘాలు, పార్టీలు, బార్ అసోసియేషన్లు, వ్యాపారులు. అవి పత్తి తీతల రోజులు. కూలికి పొలాలకు పోయినవాళ్లు, హైదరాబాద్, బెంగళూరు కట్టడాల మీద ఉన్నవాళ్లు ఆ నోటిఫికేషన్ చూసే అవకాశమే తక్కువ. అంత తొందర ఎందుకంటే జనగణన. 2027 లెక్కల కోసం పరిపాలనా సరిహద్దులను 2025 డిసెంబరు 31 నాటికి ఖరారు చేయాలని కేంద్రం గడువు పెట్టింది. ఆ గీతలోపల తేలినవాళ్లు తేలారు.

జనాన్ని అడక్కుండా కలపడం, విడదీయడం మనకు కొత్త కాదు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టింది గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. 1972లో ప్రకాశం అని పేరు మారింది. ఇంతకంటే ఘోరం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల కథ. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలోకి, 2014లో పోలవరం ముంపు పేరుతో తెలంగాణ నుంచి తిరిగి తూర్పు గోదావరిలోకి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, ఇప్పుడు పోలవరం జిల్లాలోకి. భద్రాచలానికి ఆనుకుని ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీల్లో తెలంగాణలో కలపమనే గొంతు 2014 నుంచీ ఆగలేదు. ఆ ప్రాంతంలో ఎక్కువమంది కోయలు. వాళ్లు కదలలేదు, గీతే వాళ్ల మీదుగా కదులుతూ ఉంది.

దేశాల సంగతి చూసినా అంతే. 1949లో చందర్‌నగర్ ఫ్రెంచి పాలన వదిలి భారత్‌లో కలవాలా వద్దా అన్నది జనం ఓటుతో తేలింది. మన యానాం కూడా ఉన్న పుదుచ్చేరి ప్రాంతాల విషయంలో మాత్రం 1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రతినిధులు ఓటేశారు. 170 మంది విలీనం కోరారు, 8 మంది వద్దన్నారు. విలీనం తప్పని మేం అనడం లేదు. ఆ 178 మందిలో వాడల నుంచి వచ్చినవాళ్లు ఎందరని మాత్రం అడగాలనిపిస్తుంది. ప్రజాభిప్రాయం అనే మాట విన్నప్పుడల్లా మాకొచ్చే ప్రశ్న అదే.

ఇక వాడ లెక్కకు వద్దాం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989, దాని 1995 నిబంధనలు జిల్లా చుట్టూ తిరుగుతాయి. 17వ నిబంధన ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి కలెక్టరు అధ్యక్షుడు. కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. 12వ నిబంధన ప్రకారం దాడి జరిగిన చోటుకు కలెక్టరు, ఎస్పీ స్వయంగా రావాలి. అంటే దూరం మనకొక్కరికే కాదు, వాళ్లకూ ఉంది. కలెక్టరేట్ మార్కాపురంలో ఉంటే రాకపోవడానికి చెప్పే సాకు ఒకటి తగ్గుతుంది. మార్కాపురంలో కలపాలనే మాట వాడలో బలంగా వినబడేది ఇందుకే.

అయితే వద్దనేవాళ్లూ వాడలోనే ఉన్నారు, వాళ్లది తీసిపారేసే మాట కాదు. చిన్న జిల్లాలో కలెక్టరు దగ్గరవుతాడు సరే, పెత్తందార్లు కలెక్టరుకు ఇంకా దగ్గరవుతారు. నియోజకవర్గంలో చక్రం తిప్పేవాళ్లే జిల్లాలోనూ చక్రం తిప్పుతారు. ఒంగోలు దూరమే గానీ, అక్కడ దళిత లాయర్లున్నారు, సంఘాలున్నాయి, వార్త రాసే పత్రికా విలేఖరులున్నారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు బాధితులు చీరాలకు తరలి అక్కడే శిబిరం వేశారు. దళిత మహాసభ ఆ పోరాటంలోంచి పుట్టింది. ఈ జిల్లా దళిత ఉద్యమానికి వెన్నెముక తూర్పు వైపున ఉంది. 2022లో కారంచేడు, చీరాల బాపట్ల జిల్లాలోకి పోయాయి. ఇప్పుడు పడమర విడిపోయింది. ప్రకాశం అనే పేరు కింద ఒకప్పుడు కలిసి నడిచినవాళ్లు మూడు కలెక్టరేట్ల పాలయ్యారు. ఒంగోలునే పట్టుకుని ఉందామనే పెద్దవాళ్ల మాట వెనక ఈ లెక్క ఉంది. మాకు దగ్గరతనం వైపే మొగ్గు ఉన్నా, ఈ వాదనకు పూర్తి జవాబు మా దగ్గర లేదు.

భూమి సంగతి ఇంకా పదునైనది. దొనకొండలో ప్రభుత్వ భూమి ఎక్కువ. బ్రిటిష్ కాలం నాటి విమాన దిగుడు మైదానం ఉంది. 2014లో రాజధాని అక్కడే అన్న ప్రచారంతో బయటివాళ్లు భూముల కోసం వచ్చి పడ్డారు, 2019 తర్వాత మళ్లీ అదే పుకారు. పారిశ్రామిక నగరం మాట అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా మొదట కన్ను పడేది అసైన్డ్ భూమి మీద, ఆ పట్టాల్లో మనవాళ్లవి ఎన్నో. 1977 చట్టం ఆ భూమి అమ్మకాన్ని నిషేధించింది. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు హక్కులిచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలెట్టారు. జిల్లాలు చీలే వేళ రికార్డు గదుల్లోంచి ఫైళ్లు కదులుతాయి. కదిలిన ఫైళ్లలో ఏది చేరిందో, ఏది చేరలేదో చూసుకోవడం పట్టా ఉన్నవాడి పనే అవుతుంది. దొనకొండ ఫైళ్లు ఒంగోలులోనే ఉండిపోవడం ఈ ఒక్క విషయంలో మేలేమో. రేపు మార్కాపురానికి మార్చితే మాత్రం, ముందుగా అసైన్‌మెంటు రిజిస్టర్ల నకళ్లు పంచాయతీ వారీగా గోడకు అంటించాలని అడగాలి.

చదువుకున్న పిల్లల భయం ఉద్యోగాల మీద. 2022లో జిల్లాలు మారినా 2025 మెగా డీఎస్సీ పాత 13 జిల్లాల లెక్కనే జరిగింది. కొత్త జిల్లాలే నియామక యూనిట్లయిన రోజు ఖాళీలు తగ్గి, రోస్టర్‌లో ఎస్సీ పాయింటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. దీనికి వర్గీకరణ తోడయింది. 2025లో 15 శాతాన్ని రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5గా పంచారు. ఇప్పటికి రాష్ట్రమే యూనిట్. కొత్త జనాభా లెక్కలు వచ్చాక జిల్లాను యూనిట్ చేస్తామన్నారు. అదే జరిగితే దొనకొండ మాదిగ పిల్లకైనా మాల పిల్లాడికైనా వాటా లెక్క ఏ జిల్లా జనాభాతో కట్టాలన్నది ఈ గీత చెబుతుంది. వినతిపత్రాల హోరులో ఈ ముక్క మాట్లాడినవాళ్లు మాకు కనిపించలేదు.

సరిహద్దు ఇప్పట్లో కదలదు. కదలకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. 1991లో చుండూరులో దళితుల్ని ఊచకోత కోశాక, సాక్షులు ఊరు దాటి పోవక్కర్లేకుండా ప్రత్యేక కోర్టునే చుండూరులో పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు ఆ ఊళ్లోనే పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది, ఆ గాయం వేరే. కోర్టే ఊరికి వచ్చినప్పుడు, నెలకో సోమవారం ప్రకాశం కలెక్టరు అర్జీలు దొనకొండలో తీసుకోవడానికి ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు. అట్రాసిటీ కేసుల్లో బాధితులకు, సాక్షులకు 11వ నిబంధన ఇచ్చిన ప్రయాణ ఖర్చు, భత్యం ఈ మండలంలో ఎందరికి అందిందో విజిలెన్స్ కమిటీ తర్వాతి సమావేశంలో అడగొచ్చు.